చింతపండుతో తోమిన కత్తి

మొన్న హైదరాబాదులో పాతవస్తువుల ప్రదర్శనకు పోతే, అద్దాల పెట్టెలో మూరెడు పొడవున్న నావికాదళపు కత్తి కనిపించింది. దంతపు పిడి, అలుగు మీద లంగరు బొమ్మ, సగం నల్లబడిన బంగారు పూత. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అలాంటిదే మా మేనమామ దగ్గర ఉండేది. ఆయన విశాఖలో నావికాదళపు మెస్సులో వంటచేసి, కొడకండ్లకు తిరిగొచ్చాడు. ఊరు ఆయనకు పెట్టిన పేరు ‘ఉల్లిగడ్డల నేవీ’. ఆ కత్తిని ఒక ముసలి ఆఫీసరు, ఈయన వంట మెచ్చి, పోతూ పోతూ ఇచ్చాడట. ఓడల మీద ఆఫీసర్లు హోదా కోసం నడుముకు కట్టుకునేవే తప్ప వాటితో కోడిని కోసిన పాపాన కూడా ఎవరూ పోలేదు. తెల్లదొరల కాలం పోయాక అటకలెక్కిన ఆ కత్తులకోసం ఇప్పుడు ఎగబడుతున్నారని, హైదరాబాదు నుంచి వచ్చిన, పాతవస్తువుల ప్రదర్శనలు పెట్టే ఒక పెద్దమనిషి చెప్పాడు. “దుమ్ము కూడా తుడవకండి. పాతదనమే దీని విలువ. నెలలో వచ్చి తీసుకెళ్లి, అద్దాల పెట్టెలో మీ పేరు రాసి పెడతాను” అన్నాడు. వంటవాడి పేరు, ఆఫీసరు కత్తి కింద! మామ ఊరంతా చెప్పుకున్నాడు. ఆడదానికెందుకని అత్తమ్మకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ గొప్పలు విని విని నాకు తల వాచిపోయింది.

అవి తెలంగాణ సమ్మె రోజులు. నేను టీచరుని, బడి బంద్, బస్సులు బంద్, మామ వాళ్లింట్లోనే ఉండిపోయాను. ఆ పెద్దమనిషీ రాలేకపోయాడు. అంతలో దసరా వచ్చింది. జనగామ రోడ్డు మీద నిరసనగా చేసే వంటావార్పుకు గంటె పట్టుకుని బయల్దేరుతూ మామ, “బిడ్డా, కత్తిని ముట్టొద్దని మీ అత్తకు జర చెప్పు” అన్నాడు.

దసరాకు ఇంట్లో ఇనుమన్నది ఏదున్నా కడిగి బొట్టు పెట్టాల్సిందే. కొడవళ్లు, గొడ్డలి, కత్తిపీట అయ్యాక అత్తమ్మ ఆ కత్తి పట్టుకొచ్చింది. “గిది గూడ తోమాల్నా బిడ్డా? నల్లగైంది.” మామ మాట నాకు గుర్తుంది. బాగానే గుర్తుంది. “కత్తే కదా అత్తమ్మా, తోము” అన్నాను. ఆయన గొప్పలకు ఒక్క దెబ్బ పడితే చూడాలనిపించింది, అంతే. చింతపండు, ఇటుకపొడి పెట్టి ఆమె చెమటలు కక్కుతూ తోమింది. పూత నీళ్లలో పోయింది, లంగరు చెరిగింది. “ఎట్ల మెరుస్తుందో సూడు!” అని మురిసిపోయింది.

సాయంత్రం మామ చూశాడు. “ముట్టొద్దని బిడ్డ నీకు చెప్పలేదానే?” అని అరిచాడు. అత్తమ్మ నా మొహం చూసింది. ఆమెకంతా తెలిసిపోయింది.

“చెప్పింది. నేనే యాది మరిచిన” అంది.

నేను కొడవళ్లు తీసుకుని లోపల పెట్టడానికి వెళ్లాను.

సమ్మె అయ్యాక పెద్దమనిషి వచ్చి, కత్తిని అటూ ఇటూ తిప్పి, “ఇక కూరగాయలు తరుక్కోండి” అని వెళ్లిపోయాడు. ఊరు ఆ మాట పట్టుకుని మామను కాల్చుకు తిన్నది. ఆయన అత్తమ్మ చేతి మెతుకు మానేశాడు. వాకిట్లో వేరే పొయ్యి పెట్టుకున్నాడు. రోడ్ల మీద జనానికి కొసరి కొసరి వడ్డించిన మనిషి, ఆమెను ‘తిన్నవా’ అని ఒక్కనాడు అడగలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా మిఠాయి పంచాడు. ఆమె చేయి చాస్తే పక్కనుంచి వెళ్లిపోయాడు. మరుసటేడు ఆమె దవాఖానలో కన్నుమూసింది. పోయేముందు నా చేయి పట్టుకుని, “చెప్పకు బిడ్డా, నిన్ను గూడ ఇడిసిపెడ్తడు” అంది. మహాతల్లి, సాకు కూడా తానే ఇచ్చి పోయింది.

మామ ఇంకా ఉన్నాడు. నేను పోతే నాటుకోడి వండి, కందనకాయ ఏరి నాకే వేస్తాడు. తింటాను. ఏళ్లు గడిచేకొద్దీ తప్పు బరువెక్కుతుందంటారు; నాకైతే ఏటికేడు, చెప్పకుండా తినడం ఇంకాస్త సులువవుతోంది.