వాషర్ కింది రంగు

మెరిసే బోల్టును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సూరత్ శివారు భేస్తాన్‌లో మా షెడ్డుకు పాత కార్లు తెచ్చే సేఠ్‌లందరికీ అదే రోగం. వాళ్ళ నాన్నల కాలం నాటి బండిని మళ్ళీ ఎప్పటిలా చేయమని తెస్తారు. తీరా చేయబోతే ప్రతి నట్టూ ముక్కుపుడకలా మెరవాలంటారు. కంపెనీవాడు అలా పంపలేదయ్యా అంటే వినరు. ఫ్యాక్టరీలో ఒక్కో చిన్న ముక్కకు ఒక్కో పూత వేశారు. దీనికి నల్లది, దానికి తెల్లటి జింకు, ఇంకోదానికి బంగారు ఛాయలో ఉండే పూత. దాన్ని మేమిక్కడ పీలా అంటాం. దేనికి ఏది వేశారో కనిపెట్టడమే నా పని. మిగతా మెకానిక్కులు వైరు బ్రష్షుతో బరబరా గీకి, వెండి రంగు కొట్టి, పనయిపోయిందంటారు. వాళ్ళు గోడలకు సున్నం కొట్టుకోవాల్సినవాళ్ళు, దారి తప్పి ఇటొచ్చారు.

నేను బోల్టు పైభాగం చూడనే చూడను. ఎండకు, వానకు, చేతి చెమటకు పాడైన భాగం అది. వాషర్ తీసి దాని కింద చూస్తాను. అక్కడ సన్నటి చుట్టులా ఫ్యాక్టరీ రంగు మిగిలి ఉంటుంది. భూతద్దం పెట్టి నేనొక మాట చెప్పానంటే ఇక దానికి తిరుగులేదు. సూరత్‌లో నా అంతవాడు లేడని నేనే చెప్పుకునేవాణ్ణి, వేరేవాళ్ళు చెప్పేదాకా ఆగే ఓపిక లేక.

పోయినేడు దసరాకు వారం ముందు ఒక ముసలాయన తన తండ్రి కొన్న కారు తెచ్చాడు. కొత్తగా ఇంటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా ఒక్కసారి చూడాలట. ఆయనకు చూపు పోతోంది. మహా అయితే ఏడాదో, ఏడాదిన్నరో అని కంటి డాక్టరు చెప్పేశాడు. చిన్నప్పుడు గొళ్ళెం లాగి బానెట్ తెరిచే పని తనదేనట, ఆ గొళ్ళెం రంగు ఇంకా కళ్ళ ముందే ఉందట.

“సఫేద్ థా, భాయ్,” అన్నాడు. కొత్త సత్తు గిన్నెలా తెల్లగా ఉండేదని చేతులు తిప్పి చెప్పాడు.

నాకు నవ్వొచ్చింది. ఎవరి జ్ఞాపకంలో చూసినా అన్నీ తెల్లగానే ఉంటాయి. బండి ఇక్కడ వదిలేసి వెళ్ళండి, రంగు సంగతి నేను చూసుకుంటానన్నాను.

దసరా నాడు ఎప్పటిలాగే షెడ్డులో ఆయుధపూజ చేశాం. మా ఆవిడ పానాలకు, కంప్రెసర్‌కు, ఆ కారుకు కూడా బొట్లు పెట్టింది. పండగయ్యాక గొళ్ళెం విప్పి వాషర్ కింద చూశాను. పీలా. అసలైన పీలాలో ఇంద్రధనుస్సు రంగులు కొద్దిగా ఆడాలి, ఇందులో ఆడలేదు. పాతబడింది కదా అని సర్దిచెప్పుకున్నాను. ముసలాయన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చాను. ఆయనకేం కనిపించిందో తెలియదు. మీరు చెప్పాక ఇంకేముంది అన్నట్టు తలూపాడు. ఆ తలూపుడు నాకు భలే నచ్చింది.

గొళ్ళేన్నీ దాని బోల్టుల్నీ లింబాయత్‌లో ఉన్న మా బామ్మర్దికి పంపాను. వాడు మొదట్లో జరీ పోగులకు బంగారు పూత వేసేవాడు, ఇప్పుడు ఇనుప సామానుకు వేస్తున్నాడు. మర్నాడు ఫోన్ చేశాడు.

“బావా, సోడాల కడిగితే నీ పీలా ఎర్రగైంది. ఏ పూతా గిట్ల గాదు.”

“తుప్పు కడిగితే ఎర్రగ గాక తెల్లగైతదా?”

“తుప్పు నాకు తెల్వదా బావా? జర వచ్చి సూడరాదు.”

“జరీ పోగులు ముంచెటోనివి, నువ్వు నాకు నేర్పుతవా? పీలా ఎయ్యి.”

వాడు పీలాయే వేసి పంపాడు.

బండి పూర్తయ్యేసరికి మళ్ళీ దసరా వచ్చింది. అప్పగించడానికి ముందురోజు పొద్దున డిండోలిలో మా ఇంటి ముందు మా ఆవిడ పూజగుడ్డ ఉతుకుతోంది. సబ్బు తగలగానే పసుపు మరకలు ఎర్రబడ్డాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ఎరగనివాణ్ణేం కాదు. అయినా సోడాలో కడిగితే ఎర్రగైందన్న బామ్మర్ది మాట అప్పుడే గుర్తొచ్చింది.

“పోయినేడు ఆ బండికి పసుపు ఏడ పెట్టినవ్?”

“ఏడేంది? బానెట్ తెరిచే ఉండె గద. గొళ్ళానికే పెట్టిన. పసుపు నీళ్ళు గూడ సల్లిన. ఏమైంది?”

ఏమవుతుంది? ఆ నీళ్ళు వదులైన వాషర్ కిందికి దిగి ఆరిపోయాయి. నా భూతద్దం మా వంటింటి పసుపును పట్టుకుని ఫ్యాక్టరీ పూత అంది. ఇంకో నాలుగు బోల్టులు విప్పి చూస్తే ముసలాయన చెప్పిన తెలుపే అసలు రంగని తెలిసేది. చూడలేదు, ఎందుకంటే నేను మేధావిని. సున్నం కొట్టేవాళ్ళు నయం, వాళ్ళు గోడనైనా గుర్తుపడతారు. సిగ్గుతో చచ్చిపోయాను.

బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను. వాడు దెప్పలేదు, దెప్పినా బాగుండేది. “విప్పి తీస్కరా బావా, రెండు దినాలల్ల తెల్లగ చేసిస్త,” అన్నాడు.

మర్నాడు పానా జేబులో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ముసలాయనకు అంతా చెప్పి, ఆయన ముందే గొళ్ళెం విప్పాలనుకున్నాను. ఆయన అప్పటికే మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ఉన్నాడు. బానెట్ తెరిపించుకుని, గొళ్ళెం మీదికి వంగి, ముఖం దాదాపు ఆనించి చూస్తున్నాడు. చూపు ఈ ఏడాదిలో బాగా తగ్గింది.

“ఇదే రంగు,” అని హిందీలో మనవరాలికి చెబుతున్నాడు. “ఇన్నేళ్ళూ తెల్లగా ఉండేదనుకున్నాను. పిచ్చివాణ్ణి. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. మా నాన్న నన్ను ఎత్తి పట్టుకుంటే నేను దీన్ని లాగేవాణ్ణి. అచ్చం ఇలాగే, బంగారంలా ఉండేది.”

తర్వాత నా వైపు తిరిగి, నా చెయ్యి వెతికి పట్టుకుని, మీరు లేకపోతే తప్పు రంగు గుర్తుపెట్టుకునే పోయేవాణ్ణి అన్నాడు.

పానా జేబులోంచి తీయలేదు. బానెట్ నేనే మూశాను.