మావయ్య రికార్డులో మేక

మా మావయ్య పళ్ల డాక్టరు. ఆయన దగ్గర పన్ను పీకించుకోవాలంటే ఒక రాక్ ఆల్బం మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలి. మధ్యలో ఆపమనకూడదు, పాట దాటించమనకూడదు, సౌండు తగ్గించమనకూడదు. ఈ షరతులకు ఒప్పుకోనివాళ్లు పుప్పిపన్నుతోనే సుఖంగా బతకొచ్చు, ఆయనకేమీ అభ్యంతరం లేదు.

ఒప్పుకోకపోవడం కూడా అంత తేలిక కాదు. మనిషిని కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోరు బార్లా తెరిపించి, అందులో ఒక అద్దం, ఒక పైపు పెట్టాకే మావయ్య రికార్డు మీద ముల్లు దించేవాడు. ఆ స్థితిలో ఉన్నవాడు సంగీతం గురించి చెప్పగలిగిన అభిప్రాయం "ఆఁ" ఒక్కటే. దాన్ని ఆయన మెచ్చుకోలు కింద జమకట్టేవాడు.

చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో నేను ఆ క్లినిక్ ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, లేచి వెళ్లిపోబోయేవాళ్లను బుజ్జగించి మళ్లీ కూర్చోబెట్టడం నా పని. మూడోదే ఎక్కువగా ఉండేది.

ఆ ఆల్బం మావయ్య ఏరికోరి కొన్నది కాదు. పాత సామాన్ల దుకాణంలో రికార్డు ప్లేయరు కొంటే దాని కడుపులో ఉండిపోయి వచ్చింది. అట్ట మీద, సముద్రంలోకి దిగేవాళ్లు వేసుకునే ఇనుప టోపీ పెట్టుకుని ఒకాయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటాడు. వెనకవైపు 'ఆల్టర్నేటివ్ రాక్' అని ఉంటుంది.

"అంటే ఏమిటి మావయ్యా?" అని అడిగాను.

"మొదటి మందు పడనివాళ్లకి రెండో మందు రాస్తాం చూడు, అలాంటిది."

ఆ పాటల గురించి ఎవరికైనా చెప్పడం కష్టం. మొదటి పాట గిటారుతో బుద్ధిగా మొదలవుతుంది. ఇంతలో ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టు బ్యాండు మేళం దూరుతుంది. రెండోది జోలపాట. బిడ్డ కళ్లు మూతలు పడే వేళకు డ్రమ్ములు మెట్ల మీద నుంచి దొర్లిపడతాయి. ఇంకో పాటలో ఒకామె శోకాలు పెడుతుంటే వెనక టైపురైటరు టకటకలాడుతుంది, ఆ టకటకే చివరికి డాన్సు పాటవుతుంది. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎప్పుడొచ్చామో తెలియదు. తర్వాత ఏమొస్తుందో ఆ పాటలు కట్టినవాళ్లకు కూడా ముందుగా తెలిసి ఉండదని నా అనుమానం.

ఇంతవరకైతే జనం సర్దుకునేవాళ్లే. కానీ మావయ్య ముల్లు దించే ముందు ప్రతి ఒక్కరికీ ఒక పరీక్ష పెట్టేవాడు.

"ఇందులో ఒకచోట మేక అరుస్తుంది. ఏ పాటలో అరిచిందో దిగి వెళ్లేటప్పుడు చెప్పాలి. జాగ్రత్తగా వినండి."

వినేవాళ్లు. మత్తుసూది గుచ్చినా, పన్ను కదిపినా మేక కోసమే వినేవాళ్లు. బుగ్గ వాచిపోయి, సగం నోరు మొద్దుబారి బయటికి వచ్చి, ముందు మందుల చీటీ అడగాల్సిన మనుషులు, "నాలుగో పాటలో కదూ?" అని నన్నడిగేవాళ్లు.

మాంసం కొట్టు ఆయన నాలుగో పాట అన్నాడు. మేకల సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని చాలామంది ఆయన పక్షం చేరారు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే ఆవిడ రెండో పాట అంది. ఫైరింజన్ డ్రైవరు ఏడో పాట అని బల్లగుద్ది చెప్పాడు, ఆయన గుద్దిన బల్ల నాదే. భార్యాభర్తలిద్దరు పళ్లు శుభ్రం చేయించుకుని వెళుతూ మెట్ల మీదే ఈ విషయమై మాటలు మానేశారు. ఇంకొకాయన పన్ను నొప్పి లేకపోయినా మళ్లీ వచ్చి కుర్చీ ఎక్కాడు.

ఎవరేం చెప్పినా మావయ్య జవాబు ఒక్కటే.

"దగ్గరలోనే ఉన్నారు."

రికార్డు ఒకసారి ఇంటికి ఇవ్వమని అడిగినవాళ్లకు కూడా జవాబు సిద్ధంగా ఉండేది. "ఇది ఇళ్లలో వినేది కాదండీ. పడుకుని, నోరు తెరుచుకుని వింటేనే అందులో ఉన్నదంతా వినిపిస్తుంది."

రికార్డు తిరుగుతున్నంతసేపూ మావయ్యను ఏమడిగినా పలికేవాడు కాదు. చెయ్యి ఊపి ఊరుకునేవాడు. అంతగా సంగీతంలో మునిగిపోతాడని అందరూ ముచ్చటపడేవాళ్లు. దానికి తోడు చెవులు కప్పేసేలా జుట్టు పెంచాడు. ఆ జుట్టంటే మా అమ్మకు మంట.

"ఒరేయ్, పళ్ల డాక్టరువి, ఆ జులపాలేమిట్రా? కత్తిరించుకోరాదూ?"

"రాక్ వినేవాళ్లకి ఇలాగే ఉంటుందక్కా."

"చిన్నప్పుడు పక్కింట్లో రేడియో పెడితేనే చెవులు మూసుకునేవాడివి కదరా."

"మనుషులు మారతారక్కా," అనేవాడు ఎంతో గంభీరంగా.

క్లినిక్‌కు సరిగ్గా పై అంతస్తులో వయొలిన్ టీచరుగారు ఉండేవారు. ఆవిడ చెవి గురించి వీధిలో కథలు చెప్పుకునేవాళ్లు. పాలగిన్నె మీద గరిటె తగిలితే అది ఏ స్వరమో చెప్పేస్తారని, ఇంటికొచ్చిన చుట్టం గుర్రుపెడితే లేపి శృతి సరిచేశారని. ఆవిడ ఒకరోజు మెట్లు దిగి వచ్చి, మావయ్య ఎదురుగా నిటారుగా నిలబడ్డారు.

"డాక్టరుగారూ, నా పిల్లలు తాళం తప్పుతున్నారు."

"పళ్లన్నీ బాగానే ఉన్నాయాండీ?"

"పళ్లకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. మీ డ్రమ్ములే నేలలోంచి పైకి వస్తున్నాయి. పైన నేను మూడు లెక్కపెడుతుంటే కింద నుంచి మీరు అయిదు కొడుతున్నారు."

"నేను కాదండీ, వాళ్లు."

"ఎవరైతేనేం? ఆపండి."

"మీకు డ్రమ్ములొక్కటే వినిపిస్తున్నాయి. ఒక్కసారి కిందికి వచ్చి మొత్తం వినండి. అందులో మేక ఎక్కడ అరుస్తుందో మీలాంటివారే చెప్పాలి."

"మేకలు అరిచే సంగీతం నాకు అక్కర్లేదు," అని ఆవిడ తిన్నగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లారు. రికార్డు అయినా పోవాలి, క్లినిక్ అయినా పోవాలి. రెండిట్లో ఏదో తేల్చమన్నారు.

ఓనరు పెద్దాయన మంచివాడు. చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడల్లా పళ్లసెట్టు తీసి గ్లాసులో వేసేవాడు. నోట్లో పళ్లు లేని మనిషిని తీర్పు చెప్పమని ఎవరు బలవంతపెట్టగలరు? ఆ సెట్టు కట్టింది మావయ్యే కాబట్టి ఆ మొహమాటమూ ఉంది. చివరికి సెట్టు పెట్టుకుని, "ఒక వారం ఆపి చూడు నాయనా," అన్నాడు.

మావయ్య మారుమాట లేకుండా రికార్డు అట్టలో పెట్టేశాడు.

ఆ వారం క్లినిక్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, లోపల డ్రిల్లు తిరిగితే ముందు గదిలో కూర్చున్నవాళ్ల చెవుల్లోనే తిరుగుతున్నట్టుండేది. దంతం మీద పనిముట్టు గీసుకుంటే పత్రిక చదువుతున్నవాళ్లు పత్రిక కిందికి దించేవాళ్లు. మంచినీళ్లు తాగి వస్తామని వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. మాంసం కొట్టు ఆయన తలుపు దాకా వచ్చి, లోపలి చప్పుడు విని, "పీట మీద నేను ఎముక కొడితే ఇలాగే ఉంటుందమ్మా," అని వెనక్కి తిరిగాడు. ఫైరింజన్ డ్రైవరైతే మత్తుసూది చూడగానే కుర్చీలోంచి దూకి, మెడకు కట్టిన గుడ్డతో సహా వీధిలోకి పరుగెత్తాడు. మావయ్య వెంటపడి మలుపు దగ్గర పట్టుకున్నాడు.

"మంటల్లోకి దూకే మనిషివి, నీకు భయమేమిటయ్యా?"

"మంట ఎదురుగా కనిపిస్తుంది డాక్టరుగారూ! ఇది నా నోట్లో జరుగుతోంది!"

మావయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. చేతిలో ఆ గుడ్డ మాత్రం ఉంది. నేరుగా వెళ్లి రికార్డు బయటికి తీశాడు.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారు మావయ్యా," అన్నాను.

"చేద్దాం. రికార్డు పెట్టనిచ్చే ఇల్లు చూసుకుందాం. రేపు డ్రైవరును రమ్మని ఫోన్ చెయ్యి. మేక వచ్చేసిందని చెప్పు."

పైన నేలలోంచి డ్రమ్ములు మళ్లీ మొదలయ్యాయి. సోమవారం పొద్దున్న ఖాయంగా తీర్పు చెబుతానని ఓనరు కబురు పంపాడు.

ఆ శనివారం సాయంత్రం ముందు గది నిండుగా ఉంది. ఫైరింజన్ డ్రైవరు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, అది ఎగిరిపోకుండా తానే ఆపుతున్నట్టు కూర్చున్నాడు. అప్పుడు తలకు శాలువా చుట్టుకుని వయొలిన్ టీచరుగారు లోపలికి వచ్చారు. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. వయొలిన్ ఆనేది ఆ దవడకే.

"రేపు నా పిల్లల కచేరీ," అన్నారు నాతో. ఆ మాట చెప్పడానికే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వాయిద్యం ఆనించుకోలేకపోతున్నాను."

గదిలో అందరూ లేచి ఆవిడకు దారి ఇచ్చారు. డ్రైవరు అందరికంటే ముందు లేచాడు.

ఆ రోజు నర్సు సెలవు. పైపు పట్టుకోవడానికి మావయ్య నన్ను లోపలికి పిలిచాడు. టీచరుగారు కుర్చీ అంచున కూర్చుని, "రికార్డు వద్దు," అన్నారు.

"అలాగేనండి," అన్నాడు మావయ్య.

సూది తీశాడు. ఆవిడ నోరు మూసేశారు. సూది పక్కన పెట్టాడు. తెరిచారు. మళ్లీ తీశాడు. మళ్లీ మూశారు. మావయ్య విసుక్కోలేదు, నచ్చజెప్పలేదు. స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడే కళ్లు మూసుకుని అన్నారు.

"పెట్టండి. ఆ దిక్కుమాలిన రికార్డు పెట్టండి."

"మేక సంగతి..."

"తెలుసు! వీధంతా దాని గురించే కదా. పెట్టండి."

మావయ్య అటు తిరిగి చెవుల మీదికి జుట్టు సర్దుకున్నాడు. ముల్లు దిగింది. గిటారు మొదలైంది. టీచరుగారి మొహం చిట్లింది. ఎడమచేతి వేళ్లు కుర్చీ చెయ్యి మీద ఆ స్వరాలను వెతకడం మొదలుపెట్టాయి. మావయ్య పళ్లకేసి చూడటం లేదు, ఆవిడ కనుబొమల కేసి చూస్తున్నాడు. బ్యాండు మేళం దూరింది. కనుబొమలు అమాంతం పైకి లేచాయి. అదే క్షణంలో సూది పని పూర్తయింది. ఆవిడకు తెలిసినట్టే లేదు. ఒక్కో పాట మారినప్పుడల్లా ఆవిడ లోలోపల ఎవరినో మందలిస్తున్నట్టు ముక్కు ఎగరేస్తున్నారు. టైపురైటరు డాన్సులోకి మారేచోట బొటనవేలు దానంతటదే తాళం వేసింది. ఏ పాటలో పన్ను బయటికి వచ్చిందో పైపు పట్టుకున్న నేనే గమనించలేదు. నేనూ మేక కోసం వింటున్నాను. ఆ రికార్డు మొదటి నుంచి చివరి దాకా లోపల నిలబడి వినడం నాకు అదే మొదటిసారి.

ముల్లు లేచింది. టీచరుగారు దూది కరిచిపట్టి లేచి కూర్చున్నారు.

"ఇందులో మేక లేదు."

మావయ్య చేతులు కడుక్కుంటున్నాడు. పలకలేదు.

"డాక్టరుగారూ, మిమ్మల్నే. మేక లేదు."

అప్పుడాయన ఇటు తిరిగి ఆవిడ పెదవులు కదలడం చూశాడు. జుట్టు వెనక్కి తోసి, రెండు చెవుల్లోంచీ రెండు దూది ఉండలు తీశాడు.

"ఏమన్నారండీ?"

నా చేతిలో పైపు జారి కిందపడింది.

"మావయ్యా! నువ్వు వినవా?"

"ఆ గోల ఎవరు వింటారే? బుర్ర పగిలిపోదూ?"

టీచరుగారు ఆ దూది ఉండల కేసి చూశారు, ఆయన జుట్టు కేసి చూశారు. "మేక లేదని చెబుతున్నాను," అన్నారు మూడోసారి, కాస్త నెమ్మదిగా.

మావయ్య తలుపు కేసి చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అనండి. బయట ఇంకా జనం ఉన్నారు."

"అసలు మేకే ఎందుకు?"

"మొదట్లో ఒకాయన కుర్చీలో గజగజలాడుతుంటే నోటికొచ్చింది చెప్పానండీ. ఏనుగంటే నమ్మేవాడు కాదు."

ఆవిడ శాలువా సర్దుకుని తలుపు తీశారు. వెనకే నేను. ముందు గదిలో అంతమంది కళ్లూ ఆవిడ మీదే ఉన్నాయి. ఇన్నాళ్లుగా తెగని తగువు తీర్చగల చెవి ఎదురుగా నిలబడింది.

డ్రైవరు అడిగాడు. "టీచరుగారూ, మీ మాటకు తిరుగులేదు. మేక ఎక్కడండీ?"

ఆవిడ ఆయన మొహం చూడలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని తెల్లబడిపోయిన ఆయన వేళ్లను చూశారు.

"ఏడో పాట చివర," అన్నారు దూది మధ్య నుంచి. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "కాస్త శృతి తప్పింది, పాపం."

"నేను చెప్పలా! ఏడో పాట!" అని డ్రైవరు ఎగిరి లేచాడు. ఎవరూ పిలవకుండానే గబగబా లోపలికి వెళ్లి తానే కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. మాంసం కొట్టు ఆయన మాత్రం, "ఆవిడకు సంగీతం తెలుసు గానీ మేకలేం తెలుసు?" అని గొణుక్కున్నాడు. లోపల మావయ్య చెవుల మీదికి జుట్టు సర్దుకోవడం తలుపు సందులోంచి కనిపించింది.

సోమవారం పొద్దున్న ఓనరు పళ్లసెట్టు పెట్టుకుని తీర్పుకు సిద్ధంగా కూర్చున్నాడు. టీచరుగారు వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. పిల్లల పాఠాల వేళకు రికార్డులో ఏ పాట నడుస్తుంటుందో ముందుగా పైకి చెప్పి పంపాలి, తాళం ఎప్పుడు మారుతుందో వాళ్లకు నేర్పుకుంటారట. సంతోషం పట్టలేక ఓనరు సెట్టు గ్లాసులో వెయ్యడం మరిచిపోయాడు.

మావయ్య ఇప్పటికీ ఆ రికార్డే పెడతాడు, ఎవరేం చెప్పినా "దగ్గరలోనే ఉన్నారు" అంటాడు. ఊళ్లో సగం మంది టీచరుగారి మాట మీద ఏడో పాటకు మారిపోయారు. నేను మాత్రం మారలేదు. మేక అరిచేది అయిదో పాటలోనే.