రెండువందల అరవై ఎనిమిదో పట్టీ

సిడ్నీకి ఉత్తరాన న్యూకాసిల్ తీరంలో ఏటా ఫిబ్రవరిలో జరిగే సముద్రపు ఈత పోటీకి గ్లెనిస్ పార్డో పంతొమ్మిదేళ్లు లెక్క చూసింది. బడి క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌లు చేసి రిటైరైన మనిషి. ఆమెకు ఈత రాదు. నీళ్లు మోకాలు దాటితే భయం. అయినా ఆ ఉదయం ఇసుకలో మడత బల్ల వేసుకుని కూర్చునేది. ఒడ్డెక్కిన ప్రతి ఒక్కరి చేతికున్న నంబరు పట్టీ విప్పించుకుని, మేకులు కొట్టిన పలకకు తగిలించేది. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టే.

ప్లంబరు డెస్ వికరీకి ఆమెను ఆటపట్టించడం సరదా.

"ఏం గ్లెనిస్, ఈ ఏడైనా దిగుతావా?"

"నేను దిగితే నిన్నెవడు లెక్కపెడతాడు? ఆ పొట్టకి రెండు పట్టీలివ్వాలి అసలు!"

"మార్లీన్ కూడా అదే మాట," అని భార్య మీదికి తోసి నవ్వుతూ వెళ్లాడు.

ఆ ఏడు నాలుగువందల పన్నెండు మంది దిగారు. పొద్దున పదకొండు గంటలు దాటేసరికి పలక మీద ఒక్క మేకే ఖాళీ. రెండువందల అరవై ఎనిమిది. డెస్ నంబరు.

గ్లెనిస్‌కు కంగారు కాదు, కోపం వచ్చింది. ఎందుకంటే కిందటేడు కూడా డెస్ ఇలాగే పట్టీ ఇవ్వకుండా వెళ్లిపోయాడు. హెలికాప్టరు వచ్చి సముద్రమంతా గాలిస్తుంటే, రోడ్డవతల బేకరీలో మాంసం కూరిన పై రొట్టె తింటూ దొరికాడు. ఆమె అతన్ని అందరి ముందూ కడిగేసింది. పోటీ నడిపే క్లబ్బు వాళ్లు మాత్రం, "ఇంకోసారి బాగా వెతికాకే చెప్పు గ్లెనిస్," అని ఆమెకే చురక వేశారు.

అందుకని ముందు వెతికింది. కాల్చిన మాంసపు సాసేజీల కోసం నిలబడ్డ వరుసలో చూసింది, షవర్ల దగ్గర చూసింది, బేకరీకి వెళ్లి అడిగింది. చివరికి బళ్లు నిలిపే చోటుకు వెళ్లింది. డెస్ బండి అక్కడే ఉంది. అద్దంలోంచి సీటు మీద మడతపెట్టిన పొడి తువ్వాలు కనబడింది.

అరవై మూడేళ్ల మనిషి, పడవల బాధ్యత చూసే ట్రెవర్ దగ్గరికి ఇసుకలో పరుగెత్తింది.

"ట్రెవర్! డెస్ నీళ్లలోనే ఉన్నాడు!"

"మళ్లీ బేకరీలో పై రొట్టె తింటుంటాడులే..."

"బండి ఇక్కడే ఉందిరా! పడవలు పంపు!"

ఆమె వెతుకులాటకు పదకొండు నిమిషాలు పట్టింది. పడవ వాళ్లకు రాళ్ల అవతల డెస్ దొరికేసరికి ఇంకో నలభై నిమిషాలు గడిచాయి.

పడవలు బయల్దేరగానే గ్లెనిస్ మార్లీన్ దగ్గరికి తానే వెళ్లింది. మార్లీన్ గొడుగు నీడలో కూర్చుని, మొగుడి కోసం రొట్టెలో చుట్టిన సాసేజీ చల్లారకుండా కాగితం కప్పుతోంది.

"డెస్ నీ దగ్గరున్నాడా?" అని గ్లెనిస్‌ను చూసి అడిగింది.

"లేడు మార్లీన్."

"మరెక్కడున్నాడు? నీకు తెలీకుండా ఎవరూ ఎటూ పోరుగా," అంది మార్లీన్, నవ్వబోతూ.

ఈత మధ్యలోనే గుండె ఆగిందని, ఎంత త్వరగా వెళ్లినా దక్కేవాడు కాదని డాక్టర్లు తేల్చారు. అందరూ ఆ మాటే చెప్పి గ్లెనిస్‌ను ఓదార్చారు. ఆమె మనసు ఊరుకోలేదు. జూన్‌లో, అక్కడి చలికాలం మొదట్లో మార్లీన్ ఇంటికి వెళ్లి, వంటింట్లో కూర్చుని, పదకొండు నిమిషాల సంగతి దాచకుండా చెప్పింది.

మార్లీన్ టీ కప్పు పక్కకు నెట్టింది.

"ఎందుకు చెప్పావు నాకు? డాక్టరు మాట పట్టుకుని ఎలాగో నిద్రపోతున్నాను. ఇప్పుడు అదీ లేకుండా చేశావు. నీ బరువు దింపుకోడానికి నా నెత్తే దొరికిందా?"

గ్లెనిస్ సంచీ తీసుకుని లేచింది. చెప్పకముందు ఎంత బాధ ఉందో, చెప్పాకా అంతే ఉంది.

లెక్క చూసే పని మానేసింది. ఫిబ్రవరి వస్తే మెయిట్‌లండ్‌లో ఉన్న చెల్లెలింటికి రైలెక్కేది. దారిలో ఎదురైతే మార్లీన్ అవతలి వైపుకు దాటేది.

మూడో ఏడు మందుల షాపు వరుసలో మార్లీన్ సరిగ్గా ఆమె వెనకే నిలబడాల్సి వచ్చింది.

"కాళ్లెలా ఉన్నాయి?" అంది మార్లీన్.

"నొప్పులే."

"ఊఁ."

అంతకు మించి మాట్లాడుకోలేదు. గ్లెనిస్ మందులు తీసుకుని బస్ స్టాపు దాకా నడిచింది. బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. బల్ల మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, పక్కన జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.