ఆన్‌లైన్‌కి నేను పనికొస్తానని కమిటీ తేల్చిన రోజు

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఆయనకు జీతం వస్తోంది కాబట్టి నేనే బడి వదిలి వెళ్ళాను. ముప్పై ఏడేళ్ళ వయసులో, అమెరికాలోని ఇర్వింగ్‌లో, మళ్ళీ ఆ లెక్కల కాళ్ళ దగ్గరికే వచ్చాను.

హైస్కూలుకు సమానమైన పరీక్ష కిందా మీదా పడి గట్టెక్కాక, పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా పనిచేసే కోర్సులో సీటిస్తామంది కమ్యూనిటీ కాలేజీ. ఒకటే షరతు. ఆ సెమిస్టరులో మొదటి మెట్టు లెక్కల క్లాసు డెబ్భై మార్కులతో పాసవ్వాలి. తప్పితే నా సీటు వెనక కాచుకుని ఉన్నవాళ్ళకి పోతుంది. పదమూడేళ్ళుగా నోళ్ళకి వండిపెట్టడమే పనిగా ఉన్న నాకు, నోరు తెరవమని దర్జాగా ఆజ్ఞాపించే ఉద్యోగం తెగ నచ్చింది.

లెక్కల క్లాసు రెండు రకాలుగా ఉంది: ఇంట్లో కంప్యూటర్ ముందు, లేదా హైవే అవతల కాలేజీలో. మూడేళ్ళుగా పర్సులో లైసెన్స్ పెట్టుకుని హైవే ఎక్కకుండా టెక్సాస్‌లో బతికిన ఘనత నాది. ఏ క్లాసు తీసుకోవాలో ఊరికే తేల్చుకోనివ్వరు. ఇరవై ప్రశ్నల ఫారమ్ ఒకటి నింపితే, ఆన్‌లైన్‌లో మనం నెగ్గుకొస్తామో లేదో కంప్యూటరే జోస్యం చెబుతుంది.

ఫారమ్, స్కోరు అనే రెండు మాటలు చెవిన పడగానే మా ఆయన మొహం వెలిగింది. ఆ శనివారం ఆయన ఆఫీసు స్నేహితుడూ, అతని భార్యా భోజనానికి వచ్చారు. వాళ్ళది వరంగల్. అన్నం ఉడికేలోగా లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ ఎక్కింది.

"గడువుకంటే ముందే నేను పని మొదలుపెడతాను," అని చదివాడు మా ఆయన.

"అప్పుడప్పుడు," అన్నాను.

"అప్పుడప్పుడు ఏంటే? స్కోరు పోతుంది. ఎల్లప్పుడూ అని పెడుతున్నా."

"చదివేది నేనా, మీరాండీ?"

"వదినా, మీరు ఊకోండి," అన్నాడు స్నేహితుడు. "నడిమి ఆప్షన్ కొడితే కాన్ఫిడెన్స్ లేదనుకుంటరు. వీసా ఇంటర్వ్యూకి నేను గిట్లనే ప్రిపేర్ అయిన."

"ఇంట్లో నిశ్శబ్దంగా చదువుకునే చోటు నాకుంది," అన్నది తరవాతి ప్రశ్న. కుక్కర్ విజిల్ వేసింది. దాన్ని మించి అరిచాడు మా ఆయన, "ఉంది."

"అక్కా, గదేడుంది మీ ఇంట్ల?" అంది స్నేహితుడి భార్య. ఆమెను కమిటీలో ఎవరూ వేసుకోలేదు.

తప్పు జవాబంటూ లేని ప్రశ్న లోకంలో ఒకటి ఉంటుందని మా వాళ్ళకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. చివరికి ఆకుపచ్చ గీత ఒకటి తెర ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. నేను ఆన్‌లైన్ చదువుకోసమే పుట్టానట. మగవాళ్ళిద్దరూ చేతులు కలుపుకున్నారు. నాకూ హైవే తప్పిందని లోపల పండగ.

వీడియోలో టీచరు భిన్నాలు చెబుతుంటే నేను వంకాయలు తరుగుతూ తలూపేదాన్ని. అంతా అర్థమైనట్టే ఉండేది. క్విజ్ తెరిచేసరికి వంకాయలు తప్ప ఏవీ గుర్తుండేవి కావు. తోటి విద్యార్థులతో మాట్లాడుకోమని ఒక పేజీ ఇచ్చారు. అందులో ఒక జోకు రాశాను. ఎవరైనా నవ్వారో లేదో ఈ రోజుకీ తెలియదు. విషయానికి కట్టుబడి ఉండమని మాత్రం జవాబొచ్చింది. నాలుగు వారాలయ్యేసరికి నా మార్కులు ముప్పై దాటలేదు. ఇలాగే సాగితే ఫెయిలవుతారని కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది.

"నువ్వు సరిగ్గా పెర్ఫార్మ్ చెయ్యలేదు గానీ, స్కోరులో తప్పేం లేదు," అన్నాడు మా ఆయన.

హైవే మీదైతే పావుగంట పట్టే దూరాన్ని వీధుల వెంట యాభై నిమిషాలు నడిపి కాలేజీకి వెళ్ళాను. సలహాలు చెప్పే ఆవిడ నా ఫారమ్ చూసి అడిగింది, "ఇది మీరే నింపారా?"

"నలుగురం కూర్చుని నింపాం. ఒకావిడకి ఓటు లేదు."

ఆవిడ నవ్వలేదు. కొత్త ఫారమ్ తెరిచి, కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది. ఈసారి ఉన్నది ఉన్నట్టు కొట్టాను. గీత ఎర్రగా, వేలెడంత వచ్చి ఆగిపోయింది.

"క్లాసులో కూర్చుంటే పాసవుతానని చెబుతుందా ఇది?"

"చెప్పదు."

"మీరు?"

"నేనూ చెప్పను. ఈ క్లాసు వదులుకోవడానికి రేపే ఆఖరు. సెమిస్టరు మధ్యలో మొదలయ్యే క్లాసు సోమవారం పొద్దున ఎనిమిదికి ఉంది. అందులో పాసైనా మీ సీటు ఉంటుంది. అరగంటగా నన్ను ప్రశ్నలతో చంపుతున్నారు కదా, అక్కడికి పోయి చంపండి."

ఇంట్లో వంట ముగించి వీధుల వెంట పోతే ఎనిమిదింటి క్లాసు అందదు. సోమవారం హైవే ఎక్కాను. నేను మర్యాదగా నలభై మైళ్ళ వేగంతో పోతుంటే, పక్కనుంచి పోయే ప్రతివాడూ నన్ను తేరిపార చూశాడు.

టీచరు డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దాయన. ముందు వరసలో కూర్చున్నాను. అర్థం కాకపోతే నా మొహమే చెప్పేసేది. ఆయన సుద్దముక్క ఆపి, "మళ్ళీనా?" అనేవాడు. "మళ్ళీనే," అనేదాన్ని. భిన్నాలు నాకోసం ఆరుసార్లు చెప్పాడు. ఏడోసారి నన్నే బోర్డు దగ్గరికి పంపి, నా కుర్చీలో కూర్చుని, అర్థం కానప్పుడు నేను పెట్టే మొహమే పెట్టాడు. క్లాసంతా నవ్వింది. ఆ లెక్క వచ్చింది.

ఆఖరి పరీక్ష రోజున నా పేపర్ తరవాత దిద్దుతానన్నాడు. సీటు సంగతి చెప్పి, కదలకుండా బల్ల ముందు నిలబడ్డాను. ఆయన ఎర్రపెన్ను తీశాడు. రెండో పేజీలో మూడు సున్నాలు వరసగా పడ్డాయి. మూడో పేజీలో పెన్ను చాలాసేపు గాలిలోనే ఉంది. చివరికి మొత్తం కూడి, పేపర్ నావైపు తిప్పాడు. డెబ్భై మూడు.

ఆ కూడిక నేనూ ఒకసారి చేసి చూశాను. నాకది అలవాటు లేని పని.

"ఇక పళ్ళ కోర్సేనా?" అన్నాడు.

తలూపాను. ఆయన తలుపువైపు ఓసారి చూసి, నోరు తెరిచి, లోపల కుడివైపు దంతం వేలితో చూపించాడు. నెలరోజులుగా లాగుతోందట. నాకింకా ఒక్క క్లాసూ కాలేదు. అయినా కిటికీ దగ్గరికి రమ్మని, వెలుతురులో చూశాను.

"ఇంకా పెద్దగా తెరవండి," అన్నాను.