క్రోటన్ కుండీ వెనక పిల్ల

1957లో జగ్గయ్యపేట మెయిన్ బజారులో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో తెర, ఒక కుర్చీ, వెనక గదిలో ఫొటోలు కడగడానికి ఎర్రదీపం. పెళ్ళిళ్ళు, బదిలీ అయిపోయే ఆఫీసర్ల వీడ్కోలు సభలు, బడుల గ్రూపు ఫొటోలు నాకు అన్నం పెట్టేవి. గ్రూపు ఫొటోల్లోనే నేను మర్చిపోలేని గొడవ ఒకటి జరిగింది. అది తీరిపోయిందని చాలామంది అంటారు. నా వరకు తీరలేదు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. అప్పట్లో గ్రూపు ఫొటోలను మందు పూసిన గాజుపలక మీద తీసేవాళ్ళం. దాన్ని ప్లేటు అనేవాళ్ళం. దాని మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా పడే బొమ్మ నెగటివ్. ఆ నెగటివ్ నుంచి కాగితం మీదికి ఎన్ని ప్రింట్లయినా తీయవచ్చు. ప్రింటు తీయించుకున్నవాళ్ళది, ప్లేటు స్టూడియోది. మా వృత్తిలో అందరూ ఒప్పుకున్న ఆచారం అది.

ఊరి బయట, సున్నపురాయి గుట్టల వైపు, చుట్టుపక్కల తండాల లంబాడీ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమ పాఠశాల ఉండేది. పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలి. చేరగానే జుట్టు కత్తిరించి, పూసలు, గవ్వలు తీయించి, తెల్ల చొక్కాలు, తెల్ల గౌన్లు తొడిగేవారు. తండా మాట నోట్లోంచి వస్తే బెత్తం. ఏటా గ్రూపు ఫొటో తీయించి పై అధికారులకు పంపేవారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ బడి సూపరింటెండెంటు నాకు కంచు గ్లాసులో మంచినీళ్ళు ఇప్పించాడు. తర్వాత పేరు అడిగాడు. యేసుదాసు అన్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు టీ ఇచ్చిన గ్లాసు వేరు. వసారా చూరులో దోపి ఉంచేవారు. తాగి, కడిగి, నేనే మళ్ళీ అక్కడ దోపాలి. ఇన్నేళ్ళయినా ఆ రెండు గ్లాసులూ నా కళ్ళ ముందు పక్కపక్కనే ఉంటాయి.

ఆ ఏడు ఫొటో తీసిన రోజు నాకు బాగా గుర్తు. కింద కూచున్న ఆడపిల్లల వరసలో చివరి పిల్ల, పక్క పిల్ల భుజం మీద చెయ్యేసింది.

"ఏయ్ సక్రీ, చెయ్యి తియ్! ఒళ్ళో పెట్టుకో" అని అరిచాడు సూపరింటెండెంటు.

తీసింది. నేను కెమెరా నల్లగుడ్డ కింద సరి చూసుకుని బయటికి వచ్చి, లెన్సు మూత తీయబోయే సరికి చెయ్యి మళ్ళీ భుజం మీద ఉంది. నాకు నవ్వొచ్చింది. అలాగే మూత తీశాను.

కొన్నాళ్ళకు ప్రింటు అట్టకు అంటించి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని టేబులు మీద పెట్టి, చివరి పిల్ల మీద పెన్సిలు మొన ఆనించాడు.

"ఏం దాసూ, ఈ పిల్లని తీసెయ్యాలి."

"ఎక్కడికి తీసెయ్యాలండీ?"

"వేళాకోళమా? ఫొటోలోంచి."

అప్పుడు బయటపడింది సంగతి. ఫొటో తీసిన వారానికే సక్రి హాస్టల్లో జ్వరంతో చనిపోయింది. తండాకు కబురు వెళ్ళేసరికి పూడ్చడం కూడా అయిపోయింది. తనిఖీ దగ్గర పడుతోంది. హాస్టల్లో పిల్ల పోయిందంటే డాక్టరును ఎందుకు పిలవలేదని అడుగుతారు. అందుకని, ఆ పిల్ల ఫొటోకు ముందే బడి మానేసి ఇంటికి పోయిందని రాసుకున్నారు.

"మానేసిన పిల్ల ఫొటోలో కూచుంటే ఎట్టా?" అన్నాడాయన.

"కూచుందిగా అండీ."

"నీకు రీటచింగ్ వచ్చుగా! మొన్న కరణం గారి మొహమ్మీద స్ఫోటకం మచ్చలన్నీ పోగొట్టావంట."

రీటచింగ్ అంటే నెగటివ్ మీద సన్న పెన్సిలుతో, కత్తి మొనతో చిన్న చిన్న మచ్చలు సరిదిద్దడం. ఆ పనిలో నాకు పేరుండేది.

"మచ్చలు తీస్తానండీ. మనుషుల్ని తియ్యను."

"అయితే ప్లేటు ఇటిచ్చెయ్. తీసేవాళ్ళే తీస్తారు."

"ప్లేటు స్టూడియోదండీ. అది మా ఆచారం."

"ఆచారాలు నువ్వు చెబుతావా నాకు?" అన్నాడు. అంటూ చూరు వైపు చూశాడు. ఆ గ్లాసు అక్కడే ఉంది.

నేను ప్లేటు ఇవ్వలేదు. దానితో ఆ బడి పని పోయింది. ఆయన మాట వినే రెండు మూడు ఆఫీసుల పని కూడా పోయింది. జరిగినదంతా పై అధికారులకు అర్జీ పెట్టాను. తగు చర్య నిమిత్తం దాన్ని సదరు సూపరింటెండెంటుకే పంపామని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. అదే జవాబు మళ్ళీ వచ్చింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం సక్రి తల్లి దేవ్లి మా కొట్టు మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతుల నిండా దంతపు గాజులు, అద్దాల పైట.

"పిల్లల ఫొటో నువ్వే తీశావంటగా అయ్యా? మా పిల్ల మొగం చూపిస్తావా? మట్టి చేశాక పిలిచారు మమ్మల్ని."

లోపలికి రమ్మని స్టూలు వేసి, ప్రింటు చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. కత్తిరించిన తలలు, తెల్ల గౌన్లు, అందరూ ఒక్కలాగే ఉన్నారు. ఆమె పంపిన పిల్లకు నడుం దాకా జడ, జడకు గవ్వలు.

"ఇందులో లేదయ్యా మా పిల్ల" అంది.

నేను చూపించబోయాను. ఇంతలో ఆమె వేలు చివరి పిల్ల దగ్గర ఆగింది.

"ఇదిగో. ఇదే. ఎప్పుడూ ఎవరో ఒకళ్ళ మీద చెయ్యేసే కూచుంటది. ఒళ్ళో పెట్టుకోమంటే పెట్టుకోదు."

ఆమె కాసేపు ఏడ్చింది. నేను తలుపు వారగా మూసి బయట నిలబడ్డాను. తర్వాత, సక్రి మొహం ఒక్కటే విడిగా పెద్దది చేసి ఇస్తానన్నాను. అలా చేయడాన్ని ఎన్లార్జిమెంటు అంటాం. పోయినవాళ్ళ ఫొటోలు అందరూ అలాగే చేయించుకుంటారు.

"వద్దయ్యా. ఒక్కదాన్నే చెయ్యమాక. దానికి ఒక్కతే ఉండాలంటే భయం. అందరితో ఉండనీ" అంది.

గ్రూపంతా ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని పైటలో చుట్టుకుని వెళ్ళింది.

ఆ తర్వాత 1965లో, నందిగామలో ఒక ప్రదర్శన పెట్టారు. ఆర్కైవ్స్ కోసం, అంటే పాత కాగితాలను, ఫొటోలను శాశ్వతంగా దాచే ప్రభుత్వ భాండాగారం కోసం, ఈ ప్రాంతపు బడుల పాత ఫొటోలు సేకరిస్తున్నారనీ, దాచేముందు ప్రజలకు చూపిస్తున్నారనీ విన్నాను. బస్సెక్కి వెళ్ళాను.

గోడ మీద నా ఫొటో ఉంది. అదే బడి, అదే వరస, అదే ఎండ. కింద నందిగామలోని కోటయ్య స్టూడియో పేరుంది. నేను అంటించిన అట్ట అంచు, నా ముద్రతో సహా, కత్తిరించేసి ఉంది. చివరి పిల్ల ఉండాల్సిన చోట క్రోటన్ మొక్క ఉన్న కుండీ ఉంది. నేనిచ్చిన ప్రింటు మీద రంగుతో కుండీ వేసి, దాన్ని మళ్ళీ ఫొటో తీసి కొత్త నెగటివ్ చేశారు. మా పనిలో దాన్ని కాపీయింగ్ అంటారు. చెయ్యి తిరిగినవాడు చేస్తే మామూలు కంటికి తెలియదు.

అయితే కోటయ్య ఒకటి మర్చిపోయాడు. పక్క పిల్ల భుజం మీద నాలుగు వేళ్ళు అలాగే ఉన్నాయి. వాటి వెనక చెయ్యి లేదు, మనిషి లేదు. క్రోటన్ ఆకులే ఉన్నాయి.

నేను సేకరణ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. నా సంచీలోంచి ప్లేటు తీసి ఆయన ముందు పెట్టాను.

"అసలు ఫొటో ఇదండీ. గోడ మీదున్నది తీసేసి ఇది తీసుకోండి."

"అదే బడి గదండీ? అదే రోజు తీసిందేగా?"

"అవునండీ, కానీ..."

"అయితే ఉన్నట్టేనండీ మా దగ్గర. ఒకే ఫొటోకి డూప్లికేట్ తీసుకోం. రూలు."

"ఇది డూప్లికేట్ కాదండీ. అందులో పిల్ల లేదు. రండి, చూపిస్తాను."

గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఆ నాలుగు వేళ్ళూ చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. ఇంతలో వెనక నుంచి తెలిసిన గొంతు వినిపించింది. సూపరింటెండెంటు రిటైరయ్యాడు. ఆ రోజు ఆయనకు సన్మానం, మెడలో దండ ఇంకా ఉంది.

"మన దాసే! ఇంకా ఆ కోపం పోలేదటయ్యా నీకు?"

"ఈ వేళ్ళెవరివండీ?" అన్నాను.

ఆయన ఫొటో వైపు చూడనైనా లేదు. "ఆకుల నీడ" అన్నాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "పని తగ్గిన దగ్గర్నుంచీ ఇంతేనండీ, అందరి మీదా అర్జీలు పెడతాడు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరి పెళ్ళి ఫొటోలు నేను తీసినవే. ఎవరో నాకు తెలుసు.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "లోపం ఉన్న మాట నిజమేనండీ. రాసిపెట్టి వెళ్ళండి, చూస్తాం" అన్నాడు. ఎక్కడ, ఏ వరసలో, ఎవరి భుజం మీద అన్నదంతా వివరంగా రాసిచ్చాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆఫీసులో ఒక మనిషి నా మాట విన్నాడనుకుంటూ ఇంటికి వచ్చాను.

తర్వాత నెలలో ఫొటో పేపరు, కడిగే మందులు కొనడానికి వెళ్ళినప్పుడు నందిగామ బస్టాండులో కోటయ్య ఎదురుపడ్డాడు. అతనికి నా మీద పగేమీ లేదు. మనిషిని చూస్తే మాట్లాడకుండా ఉండలేడు.

"ఏం గురూ, నా పనికి వంకలు పెట్టావంటగా! ఆర్కైవ్స్ వాళ్ళు పిలిపిచ్చారు. నువ్వు రాసిచ్చిన కాగితం చూపిచ్చి, ఈ మచ్చ తీసెయ్యమన్నారు."

"ఏ మచ్చ?"

"అదే, ఆ భుజం మీద. నేనూ చూసుకోలేదు సుమా అన్నేళ్ళూ. ఇంకో నాలుగు ఆకులేసి మళ్ళీ కాపీ తీసిచ్చా. ఇప్పుడు చూడు, అద్దంలా ఉంది. టీ తాగుదాం రా."

నేను తాగలేదు. ఆ వారంలోనే పోస్టులో జవాబు వచ్చింది. మీరు ఎత్తి చూపిన లోపం సవరించబడినది, మీ సహకారానికి కృతజ్ఞతలు అని. నా అర్జీలన్నిటిలో పని జరిగింది ఆ ఒక్కదానికే.

ఆ వానాకాలం తండాలో గుడిసెలు తడిసిపోయి, దేవ్లి దగ్గరున్న ప్రింటు పాడైంది. ఇంకొకటి కావాలని వచ్చింది. జుట్టు తెల్లబడింది.

"పిల్లల ఫొటో సర్కారువాళ్ళు పెద్ద ఆఫీసులో దాచారంటగా అయ్యా? ఇంక పాడవదంట. మా సక్రి ఉందా అందులో?"

లోపలికి వెళ్ళి ప్లేటు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను.

"ఇందులో ఉందమ్మా. అంచులు పట్టుకో, వెలుతురుకు ఎత్తి చూడు."

వాకిట్లోకి వెళ్ళి ఎత్తి పట్టుకుంది. నెగటివ్ చూడటం అలవాటు లేనివాళ్ళు తమ మొహాన్నే పోల్చుకోలేరు. నల్ల మొహాలు తెల్లగా, తెల్ల గౌన్లు నల్లగా ఉంటాయి. ఈసారి ఆమె వెతుక్కోలేదు. మొహాల జోలికి పోకుండా నేరుగా ఆ భుజం దగ్గరికి వెళ్ళి, చెయ్యిని పట్టుకుని పిల్లను చేరుకుంది.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. కొన్నవాళ్ళు ప్రింటును ఏమైనా చేసుకుంటారు. ప్లేటు మాత్రం చేయి దాటనివ్వకూడదు. తర్వాత మరో ఇద్దరు ఆఫీసర్లు పిలిపించి పాత ప్లేట్లు ఇమ్మని అడిగారు. వాళ్ళలో ఒకాయన నాకు మంచి కుర్చీ కూడా వేశాడు. ఇవ్వలేదు. సక్రి ప్లేటు గుడ్డలో చుట్టి నా దగ్గరే ఉంది. తండావాళ్ళు ఎవరు అడిగినా ప్రింటు తీసిస్తాను, గ్రూపు గ్రూపంతా.