గేటు లోపలి చట్టం

ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాట్ పక్కదీ మాదే. షూటింగులకు దుస్తులు కుట్టే యాదమ్మ, తన తల్లితో కలిసి మూడేళ్లు అందులో అద్దెకు ఉంది. నిరుడు మా అపార్ట్‌మెంట్ సంఘం ఆమె తలుపుకు నోటీసు అంటించింది: "సినిమా పనివారికి అద్దెకు ఇవ్వరాదు. వారంలో ఖాళీ చేయవలెను."

నాకు ఒళ్లు మండింది. అద్దె చట్టం రాష్ట్రానిది. అద్దెదారును పంపే అధికారం సంఘానికెక్కడిది? వార్డు కార్యాలయంలో అడిగితే "అది రాష్ట్ర చట్టం, మా పరిధి కాదు" అన్నారు. పై కార్యాలయంలో "మీ సంఘంలోనే తేల్చుకోండి" అన్నారు. ఎవరు ఏమన్నారో తేదీలతో సహా రాసుకుని, ఆదివారం సమావేశంలో చట్టం ప్రతిని బల్ల మీద పెట్టాను. యాదమ్మ నా వెనుకే నిలబడింది.

అధ్యక్షుడు నవ్వాడు. "ఆ చట్టం గేటు బయటే బాబాయ్ గారూ. లోపల మన తీర్మానమేనండీ" అంటూ పాత మినిట్స్ పుస్తకం తెరిచి నా ముందుకు జరిపాడు.

అక్షరాలు నావి. కింద సంతకమూ నాదే. పదేళ్ల క్రితం కార్యదర్శిగా ఉన్నప్పుడు, పై అంతస్తులో సినిమా డ్యాన్సర్ల సాధనతో విసిగిపోయి నేనే రాసి, మరిచిపోయిన తీర్మానం అది.

"గిది మీరే రాసిండ్రా సారూ?" అంది యాదమ్మ.

రద్దు చేయాలని అక్కడికక్కడే రాసిచ్చాను. ఓటింగులో నా చెయ్యి ఒక్కటే లేచింది. యాదమ్మ రహమత్‌నగర్‌కు మారిపోయింది.

రాష్ట్ర చట్టం మా గేటు దాటి లోపలికి వస్తుందా అని నేను రాసిన లేఖలకు నేటికీ జవాబు లేదు. జరిగిన ప్రతి అన్యాయాన్నీ రాసుకునే నా పుస్తకంలో, ఆ ఆదివారం పేజీలో, బాధ్యుడి పేరు ఉండవలసిన చోట నా పేరే రాసుకున్నాను.

— ఒక విశ్రాంత ఇంజినీరు, ఫిల్మ్‌నగర్