ఎండలో కొలిచిన హద్దు

కంటైనర్లతో పని అని చెబితే మా బంధువుల్లో సగం మంది నేను ఓడరేవులో చేస్తున్నాననుకుంటారు. "ఆ ఇనప పెట్టెలు మీద పడతాయేమో, జాగ్రత్త నాయనా" అని మా మేనత్త ఇప్పటికీ హెచ్చరిస్తుంది. నేను కూర్చునేది నెల్లూరులో, ఏసీ గదిలో. నా కంటైనర్లకు బరువుండదు. ఒక్కో ప్రోగ్రామును దాని సరంజామాతో సహా విడిగా సర్ది, అన్నిటినీ ఒకే సర్వర్ మీద కాపురం పెట్టించే ఏర్పాటు పేరు అది. సర్వర్ ఒకటే కాబట్టి ఎవరెంత తినాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. దీనికి ప్రాసెసర్ ఇంత, మెమరీ ఇంత అని ప్రతి కంటైనరుకూ హద్దు రాయాలి. మా ఆఫీసులో ఆ రాసేవాణ్ని నేను. బ్రహ్మ నుదుటి మీద రాస్తాడు, నేను ఫైల్లో రాసేవాణ్ని. అడిగేవాడు ఇద్దరికీ లేడు.

హద్దు దాటితే ఏమవుతుందో చెప్పాలి, లేకపోతే నా ఘనత మీకు తెలియదు. ప్రాసెసర్ హద్దు తగిలితే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది, వంతు వచ్చేదాకా ఆగుతుంది, అంతే. మెమరీ హద్దు దాటితే ఆ మర్యాద లేదు. మెడ పట్టి గెంటేస్తారు. అంటే దాన్ని చంపి, మళ్ళీ మొదటి నుంచి పుట్టిస్తారు.

మా చిన్న కంపెనీ కోట, వాకాడు అనే ఊళ్ళ వైపు రొయ్యల గుంటల రైతుల కోసం పనిచేసేది. గుంట నీళ్ళలో సెన్సరు ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోను మోగుతుంది. ఆయన లేచి, నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ వేస్తాడు. రొయ్యలు బతుకుతాయి. ఆ ఫోను మోగించే ప్రోగ్రామును రాసింది నాతో పనిచేసే ఒక అమ్మాయి. గుంటల పరిస్థితిని రంగురంగుల గీతలతో తెర మీద చూపించే ప్రోగ్రామును రాసింది నేను. హద్దులు రాసేదీ నేనే. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు, ఇక్కడ వడ్డించేవాడే కూర్చున్నాడు కూడా. పైగా వచ్చిపోయే పెద్దమనుషులకు ఓనరు గారు చూపించేది నా తెరనే. ఫోను మోగడాన్ని ఎవరికి చూపిస్తాం?

కొలవకుండా రాశానని మాత్రం నన్ను అనకూడదు. శాస్త్రీయంగా కొలిచాను. ఎండలు మండిపోతున్న రోజుల్లో కొలిచాను. అప్పుడు గుంటలన్నీ బాగున్నాయి. ఆమె ప్రోగ్రాము ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అది తిన్నదానికి పిసరంత పైన గీత గీశాను. నేను వాకాడు పక్కన పుట్టి పెరిగినవాణ్ని. ముసురు పట్టి గాలి ఆడని రోజు ఒక్క గుంటకు కాదు, అన్ని గుంటలకూ ఒకేసారి ఊపిరి తగ్గుతుందని మా వైపు బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. ఎండాకాలంలో కాలువ చూసి గట్టు ఎత్తు తేల్చేవాణ్ని మా ఊళ్ళో ఏమంటారో ఇక్కడ రాయను.

ఆమె అడిగింది కూడా.

"అన్నా, నా దానికి మెమరీ కొంచెం పెంచండన్నా. ముసురొస్తే హెచ్చరికలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి."

"ఇప్పుడెంత వాడతా ఉంది?"

"ఇప్పుడేముందన్నా, ఎండ గదా."

"వాడనిదానికి పెంచమంటావేందమ్మా? మీ ఇంట్లో ఇట్టాగే చేస్తారా, ఎవరన్నా వస్తారేమోనని ఎసట్లో ఎక్కువ బియ్యం పోస్తారా?"

"పోస్తామన్నా. మా అమ్మ రోజూ ఒక గుప్పెడు ఎక్కువే పోస్తది."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నా మీదేనని నాకు అర్థమైంది. నేను హద్దు పెంచకపోవడానికి సాంకేతిక కారణం అదే.

మా అక్క భర్తకు కోట దగ్గర గుంటలున్నాయి. అంతకుముందు ఆయన రాత్రిళ్ళు నీళ్ళు కనిపెట్టుకుని ఉండడానికి గట్టు మీద కాపలా మనిషిని పెట్టుకునేవాడు. "ఇంకా మనిషెందుకు బావా, ఫోనుంది గదా, హాయిగా పడుకో" అన్నాను. బామ్మర్ది చదువు మీద ఆయనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. మనిషిని మాన్పించాడు. అడిగిన మిగతా రైతులకూ అదే సలహా ఇచ్చాను.

ముసురు వచ్చింది. గాలి లేదు, గట్టి వాన లేదు, మబ్బు మాత్రం మూత పెట్టినట్టు నిలబడింది. తెల్లవారేలోగా గుంటలన్నీ ఒకేసారి ఆయాసపడ్డాయి. హెచ్చరికలన్నీ ఆమె ప్రోగ్రాము మీద పడ్డాయి. అది అందుకుంది, హద్దు దాటింది, చచ్చింది. మళ్ళీ పుట్టి, ఆగి ఉన్న హెచ్చరికలన్నీ ఎత్తుకుని, మళ్ళీ చచ్చింది. ఒక్క ఫోనూ మోగలేదు. నా తెర మాత్రం దివ్యంగా పనిచేసింది. గుంటల ప్రాణం పోవడాన్ని చక్కటి ఎర్ర గీతలుగా, చూసే దిక్కులేని వేళ, చూపిస్తూనే ఉంది.

కాపలా మనిషిని ఉంచుకున్నవాళ్ళ రొయ్యలు బతికాయి. నా సలహా విన్నవాళ్ళవి గట్టు వారకు చేరి చచ్చాయి. విన్నవాళ్ళలో మొదటివాడు మా బావ.

ఆఫీసుకు వెళ్ళగానే ముందు హద్దు పెంచాను. తర్వాత కూర్చుని నివేదిక రాశాను. "ప్రోగ్రాము అదుపు లేకుండా మెమరీ మింగినందువల్ల" అని మొదలుపెట్టాను. గీత ఎవరు గీశారో రాయలేదు, చోటు చాలలేదు కాబోలు. దాన్ని రైతులందరికీ కూడా పంపాను. "నా ప్రోగ్రాములో తప్పు లేదు సార్, అన్నను అడగండి" అని ఆమె ఓనరు గారితో అంది. నన్ను అడిగారు. "చిన్నపిల్ల కదా సార్, నేర్చుకుంటుంది, వదిలేయండి" అన్నాను. నా పెద్దమనసును అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఉద్యోగం మానేసింది. కోట వైపు ఆమెకు "రొయ్యల్ని చంపిన పిల్ల" అని పేరు నిలిచిపోయింది. ఆ పేరు పెట్టింది మా బావే. ఆయన ఇంట్లో భోంచేస్తూ ఆ పేరు విన్నప్పుడల్లా నేను తలూపేవాణ్ని, నోట్లో ముద్ద ఉంది కదా.

ఈ మధ్య ఆమె సొంతంగా అలాంటి ఏర్పాటే తయారుచేసి, గుంటలకు పెట్టుకోమని రైతులను అడగడానికి కోటలో రొయ్యల మేత కొట్టుకు వచ్చింది. "నువ్వు కూడా రా అబ్బా, మాకు తెలియనివి నాలుగు అడుగుదువు" అని బావ నన్ను పిలిచాడు. వెళ్ళాను.

మేత బస్తాల మీద కూర్చున్న ఒక పెద్ద రైతు మొదలుపెట్టాడు. "ఏందమ్మా, ఈసారి రొయ్యలతో పాటు మమ్మల్ని కూడా తేలమంటావా?"

కొట్టంతా నవ్వింది.

"అప్పుడు కూడా నా ప్రోగ్రాములో తప్పు లేదన్నా," అంది ఆమె.

"మరెవురిది, రొయ్యలదా?"

"ఎందుకబ్బా వాదన," అన్నాడు బావ. "అప్పుడు ఆడ పనిచేసినోడు, మా బామ్మర్ది, ఈడే ఉండాడు గదా. చెప్పబ్బా, ఈ పాపని నమ్మొచ్చా?"

ఆమె నా వైపు ఒకసారి చూసి ల్యాప్‌టాప్ మూసేసింది. ఛార్జరు తీగ చుట్టడం మొదలుపెట్టింది. నా జవాబు ఆమె ఇదివరకే విన్నది కదా.

ఆ తీగ చుట్టడం చూడలేకపోయాను.

"హద్దు పెట్టింది నేను బావా," అన్నాను. "ఎండాకాలంలో కొలిచి పెట్టినా. పెంచమని అడిగింది, పెంచలా. తర్వాత తప్పు ఆ పాపదని రాసింది కూడా నేనే."

పెద్ద రైతు ముందుకు వంగాడు. "ఎండాకాలంలోనా?" నా అబద్ధం కన్నా ఆయనకు అదే నమ్మశక్యంగా లేదు. "నువ్వు వాకాడోడివేనా అసలు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ మాత్రం నవ్వలేదు. "కాపలా మనిషిని తీసెయ్యమనింది కూడా నువ్వే," అన్నాడు.

"అవును బావా."

"మా ఇంట్లో కూర్చోని, నేను ఈ పాపని తిడతా ఉంటే తలూపినావు."

దానికీ తలే ఊపాను, ఈసారి నోట్లో ముద్ద లేదు.

ఆమె నన్ను క్షమిస్తుందని, కళ్ళు చెమరుస్తాయని, అలాంటివేవో ఊహించుకున్నాను. సిగ్గులేని మనసు ఎప్పుడూ మంచి ముగింపే కోరుకుంటుంది. ఆమె తీగ మళ్ళీ విప్పుతూ, "అప్పుడు రాసి అందరికీ పంపినారు గదన్నా," అంది. "ఇది కూడా రాసి పంపండి. నోటి మాట ఈ కొట్టు దాటదు."

అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు లేకపోయినా చదవాల్సినవాళ్ళకు అర్థమవుతుంది.

ఆ రోజు బావ ఆమెతో, "ముందు నా గుంటకే పెట్టమ్మా," అన్నాడు. "ఆ హద్దో ఏందో, ఎంత పెడతావు?"

"ఇప్పుడే చెప్పనన్నా. అన్ని గుంటలూ ఒక్కసారే అరిచినట్టు ఉత్తుత్తి హెచ్చరికలు పంపి చూస్తా. ఎంత తింటదో చూసి, పైన ఒక గుప్పెడు వేస్తా."

మొన్న మళ్ళీ ముసురు పట్టింది. పొద్దున్నే బావ ఫోను చేశాడు. మేత కొట్టు రోజు తర్వాత ఆయన నాతో మాట్లాడడం అదే మొదలు.

"మోగింది," అన్నాడు. "ఏరియేటర్లన్నీ వేసినాం. రొయ్యలు బాగుండాయి. మీ అక్క నీకు చెప్పమనింది, చెప్తా ఉండా."

"మంచిది బావా. గట్టు మీద మనిషి?"

"ఉండాడు. ఫోనున్నా మనిషిని తియ్యొద్దని ఆ పాప చెప్పింది," అని పెట్టేశాడు.